నిర్మూలించడం అంటే ఏం చేయడం?

 

మా పేటలో ప్రతి ఆదివారం సాయంత్రం ధమ్మ పఠనం జరుగుతుంది. వందన, త్రిశరణ పంచశీలాలు అయ్యాక ఎవరో ఒకరు పుస్తకం చదువుతారు, మిగిలినవాళ్లు వింటారు. పగలంతా పని చేసి వచ్చినవాళ్లు కాబట్టి మధ్యలో కొందరు కునికిపాట్లు కూడా పడతారు. ఒక ఆదివారం బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' చదువుతున్నాం. పదో తరగతి చదివే ఒక అమ్మాయి లేచి అడిగింది: "బాబాయ్, రాజ్యాంగంలో అంటరానితనం రద్దు అని ఉందని మా సార్ చెప్పారు. ఇక్కడేమో నిర్మూలన అంటున్నారు. రద్దు, నిర్మూలన రెండూ ఒకటేనా?"

"దాదాపు ఒకటేనమ్మా" అని చెప్పి పేజీ తిప్పేశాను. ఆ అమ్మాయి కూర్చుంది. కానీ ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా ఆ మాట మైకుల్లో అరిచాను, గోడల మీద రాశాను, బ్యానర్ల మీద రాయించాను. ఆ మాటకు అర్థం అడిగితే 'దాదాపు' అన్నాను.

ఈ చిన్న పుస్తకం ఆ అమ్మాయికి నేను బాకీ పడ్డ జవాబు. నేను బి.ఏ. చదివినవాణ్ణి, పాళీ పండితుణ్ణి కాను. తెలిసినవాళ్లను అడిగి, పుస్తకాలు తిరగేసి, పొలం గట్టు మీద మా అమ్మ చెప్పినవి గుర్తు తెచ్చుకుని రాస్తున్నాను. మీరు కూడా ఆ అమ్మాయి పక్కన కూర్చుని వింటున్నారనుకోండి.

ముందు రద్దు సంగతి చూద్దాం. ఇది అరబ్బీ నుంచి బయలుదేరి ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి వచ్చిన మాట. అసలు అర్థం తిప్పికొట్టడం, తిరగ్గొట్టడం. ఒక ఉత్తర్వు ఉంటుంది, దాన్ని కొట్టేస్తూ ఇంకో ఉత్తర్వు వస్తుంది. రైలు రద్దయింది, పరీక్ష రద్దయింది, రేషన్ కార్డు రద్దయింది అంటాం. కాగితం మీద పుట్టినదాన్ని కాగితం మీదే కొట్టేయడం రద్దు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ ఆమోదించిన నిబంధనే ఇవాళ్టి 17వ అధికరణ. అది అంటరానితనాన్ని రద్దు చేసింది, ఏ రూపంలో పాటించినా కూడదంది. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. 1955 నాటి చట్టం గానీ, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం గానీ దాని మీదే నిలబడ్డాయి. కాకపోతే రెండు సంగతులు గమనించండి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, ఈ రెండూ 17వ అధికరణ ఉన్న దేశంలోనే జరిగాయి. ఇంకొకటి, ఆ అధికరణ రద్దు చేసింది అంటరానితనాన్ని. కులాన్ని కాదు.

రద్దు అనే మాట చేయగలిగింది అంతే. ఒక శాసనంగా ఉన్నదాన్ని అది కొట్టేయగలదు. శాసనం అక్కర్లేకుండానే మనుషుల్లో బతికేదాన్ని ఏం చేయాలి? దానికి ఇంకో మాట కావాలి.

నిర్మూలన. ఇది రెండు ముక్కల మాట. 'నిర్' అంటే లేకుండా, 'మూలం' అంటే వేరు. వేరు లేకుండా చేయడం నిర్మూలించడం. ఇంగ్లీషులో 'ఎరాడికేట్' అనే మాట ఉంది కదా, మశూచిని, పోలియోని ఎరాడికేట్ చేయడం అంటారే, అదీ సరిగ్గా ఇలాంటిదే. లాటిన్‌లో 'రాడిక్స్' అంటే వేరు, ముందున్న అక్షరం 'బయటికి' అని చెబుతుంది. వేరును బయటికి లాగేయడం. ఇంగ్లీషువాళ్లు ముల్లంగిని 'రాడిష్' అనడం ఆ రాడిక్స్ నుంచే వచ్చింది. హిందీవాళ్లు అదే దుంపను 'మూలీ' అనడం మన మూలం నుంచి వచ్చింది. రెండు దేశాలవాళ్లూ ఒక దుంపను చూసి వేరు అనే పిలిచారన్నమాట. ఇది తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది. కూరగాయల బండి దగ్గర మా ఆవిడకు చెబితే "ముందు బేరం చెయ్యి" అంది.

మన తెలుగులో దీనికి సొంత మాట లేకపోలేదు. 'కూకటివేళ్లతో పెకలించడం' అంటాం. కూకటి అంటే పాత తెలుగులో జుట్టు ముడి, పిలక. కూకటివేరు అంటే తల్లివేరు. పల్లెల్లో దీనికి పక్కనే ఇంకో మాట కూడా వినబడుతుంది, 'మొదలంటా నరికేశారు' అని. ఈ రెంటికీ తేడా మీకు నేను చెప్పనక్కర్లేదు. మొదలంటా నరికిన సర్కారు తుమ్మ ఏమవుతుందో చెరువు గట్టు మీద చూస్తూనే ఉన్నాం. ఒక్క కొమ్మ ఉన్నచోట పది పిలకలు లేస్తాయి. నరికినవాడు గొడ్డలి భుజాన వేసుకుని ఇంటికి పోతాడు, తుమ్మ నేలలో తన పని తాను చేసుకుంటుంది.

ఇప్పుడు బాబాసాహెబ్ పెట్టిన పేరు చూడండి. 1922లో లాహోరులో పెట్టిన ఒక సంస్థ ఉండేది, జాత్ పాత్ తోడక్ మండల్ అని. 'తోడ్నా' అంటే విరగ్గొట్టడం. కులాన్ని విరగ్గొట్టే సంఘం. 1936లో జరగాల్సిన తమ సభకు అధ్యక్షత వహించమని వాళ్లు బాబాసాహెబ్‌ను పిలిచారు. ఆయన ప్రసంగం రాసి పంపారు. చదివి వాళ్లు జంకారు. ఆ మాటలు తీసేయండి, ఈ భాగం తగ్గించండి అన్నారు. ఒక్క కామా కూడా మార్చేది లేదన్నారు ఆయన. సభే ఆగిపోయింది. తన ఖర్చుతో ఆయన 1500 ప్రతులు అచ్చేయించారు, రెండు నెలల్లో అయిపోయాయి. ఆ పుస్తకం పేరులో ఉన్న ఇంగ్లీషు మాట 'అనైహిలేషన్'. లాటిన్‌లో 'నిహిల్' అంటే ఏమీ లేకపోవడం. ఏమీ లేని స్థితికి తేవడం అనైహిలేట్ చేయడం. (దీన్ని ఆచార్య నాగార్జునుడి శూన్యతతో కలిపి చెప్పేవాళ్లు ఉన్నారు. దయచేసి కలపొద్దు, అది వేరే విషయం.)

వాళ్ల సంఘం పేరులో విరగ్గొట్టడం ఉంది, ఈయన పుస్తకం పేరులో లేకుండా చేయడం ఉంది. విరిగిన ఎముక కట్టు కడితే అతుక్కుంటుంది. గొడవంతా ఈ రెండు క్రియల మధ్యే జరిగిందంటే తప్పులేదు. మండలివాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. ఆ రోజుల్లో కులాంతర వివాహాలు చేసుకోమని చెప్పిన మనుషులు వాళ్లు, ఎంత తిట్లు పడి ఉంటారో ఊహించుకోవచ్చు. కానీ వేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. బాబాసాహెబ్ చెప్పిందేమిటి? కులం ఇటుక గోడ కాదు, ముళ్ల కంచె కాదు పగలగొట్టి దాటేయడానికి. అది మనసులో ఉన్న ఒక భావం. ఆ భావానికి పవిత్రత ఇచ్చి పోషిస్తున్నవి శాస్త్రాలు. కాబట్టి సహపంక్తి భోజనాలు చాలవు, పెళ్లిళ్లు కలవాలి, అవి కలవాలంటే శాస్త్రం మీద నమ్మకం పోవాలి. వేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించారాయన. మండలి భయపడింది ఆ వేలును చూసే.

తెలుగులో ఈ పుస్తకానికి 'కుల నిర్మూలన' అనే పేరు స్థిరపడింది. వినాశనం అనలేదు, విధ్వంసం అనలేదు. నా మటుకు నాకు తెలుగు పేరే ఒక మెట్టు ఎక్కువనిపిస్తుంది. ఇంగ్లీషు మాట చివరికి ఏం మిగలకూడదో చెబుతుంది. తెలుగు మాట చెయ్యి ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

ఇక్కడ మా అమ్మ సంగతి రాయాలి. మా అమ్మ చిన్నప్పటి నుంచీ కలుపు కూలీ. నడుం వంచి వంచి ముసలితనంలో నిటారుగా నిలబడలేకపోయింది. బడి సెలవుల్లో నేనూ ఆమెతో వెళ్లేవాణ్ణి. ఒకసారి మినుము చేలో తుంగ తీస్తున్నాం. నేను దోకుడుపారతో గబగబా చెక్కేసి నా సాలు ముందు పూర్తి చేశాను. అమ్మ సాలు సగం కూడా కాలేదు. నేను గొప్పగా చూస్తుంటే అమ్మ నా సాలులో కూర్చుని వేళ్లతో మట్టి తవ్వింది. నల్లగా, శనగ గింజంత గడ్డ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. "గడ్డిని కోశావు గానీ గడ్డను వదిలేశావు అయ్యా. నాలుగు రోజులాగు, మళ్లీ మనకే కూలి" అంది. నవ్వుతూనే అంది. నాలుగు రోజులు కూడా పట్టలేదు, మూడో నాటికే పచ్చగా లేచింది.

తుంగ గడ్డ ఒక్కటిగా ఉండదు. దారం లాంటి వేరుతో ఒక గడ్డ ఇంకో గడ్డను పట్టుకుని ఉంటుంది. పైకి చూస్తే వేరువేరు మొక్కలు. కింద అంతా ఒకటే అల్లిక.

పాళీలో 'అనుసయ' అనే మాట ఉంది. అడుగున పడుకుని ఉన్నది అని దాని అర్థం. కోపం రానప్పుడు కూడా కోపం మనలో ఎక్కడో పడుకుని ఉంటుంది, అదను దొరికితే లేస్తుంది. వేరు చెడకుండా ఉంటే నరికిన చెట్టు మళ్లీ పెరుగుతుందనే పోలిక ధమ్మపదం తణ్హావగ్గలో వస్తుంది, అక్కడ భగవానుడు మాట్లాడుతున్నది ఈ పడుకున్నదాని గురించే. నాకైతే అది చదివినప్పుడల్లా అరచేతిలో ఆ నల్ల గడ్డే కనబడుతుంది.

మరి తిరిగి లేవని విధంగా తీసేయడానికి భగవానుడి పోలిక ఏమిటి? తాటిచెట్టు. సుత్తాల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఒక పదం ఉంది, 'తాలావత్థుకత'. తల కొట్టేసిన తాడిలా చేయబడినది అని. తాటిచెట్టుకు ఉండేది ఒకటే మొవ్వు. అది పోతే పక్క నుంచి చిగురు రాదు, కింద నుంచి పిలక రాదు. చెట్టు మోడై నిలబడి ఉంటుంది గానీ ఇక పెరగదు. తాటిచెట్ల మధ్య పుట్టి పెరిగిన మనకు ఈ పోలికను ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆ పదానికి ముందు 'ఉచ్ఛిన్నమూల' అని ఉంటుంది, వేరు తెగినది అని. తర్వాత ఇక ముందు పుట్టనిది అనే మాట వస్తుంది. చూశారా, నిర్మూలనకు పాళీలో లక్షణం ఇదే. ఎంత తీశామన్నది కాదు లెక్క, తిరిగి పుడుతుందా లేదా అన్నదే.

ఇక అసలు ప్రశ్నకు వస్తున్నాను. నిర్మూలన, ఉచ్ఛేదం, అనైహిలేషన్... ఇవన్నీ హింస వాసన వేసే మాటలు కావా? కరుణ, మైత్రి చెప్పే ధమ్మంలో వీటికి చోటెక్కడిది? నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లలో మన కుర్రాళ్లూ ఉన్నారు, మనల్ని ఎగతాళి చేయాలనుకున్నవాళ్లూ ఉన్నారు. "మీరు బుద్ధుడి బొమ్మ పెట్టుకుని నిర్మూలిస్తాం అని అరుస్తారేం?" అని ఒకాయన టీ కొట్టు దగ్గర అడిగాడు. ఆ రోజు నేను కోపంగా జవాబు చెప్పాను. చెప్పాల్సిన జవాబు వేరే ఉంది, అది రెండు వేల అయిదు వందల ఏళ్ల కిందటే ఇచ్చేశారు.

వేరంజ అనే ఊళ్లో భగవానుడు ఒక వేపచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. (పాళీలో అక్కడా 'మూలే' అనే ఉంటుంది. చెట్టు మొదలుకూ మూలమే, వేరుకూ మూలమే.) ఆ ఊరి పేరే ఉన్న ఒక బ్రాహ్మణుడు వచ్చాడు. ఆయన ఫిర్యాదు ఏమిటో వింటే మీకు మన ఊరి రచ్చబండ గుర్తొస్తుంది. వయసు మళ్లిన బ్రాహ్మణులు వస్తే శ్రమణ గోతముడు లేవడట, దండం పెట్టడట, ఆసనం ఇవ్వడట. ఇది పద్ధతి కాదు అన్నాడు. అని ఊరుకోకుండా తిట్లు అందుకున్నాడు. రసం లేనివాడివి అన్నాడు, భోగం లేనివాడివి అన్నాడు, ఉచ్ఛేదవాదివి అన్నాడు. అన్నిటినీ తెంచేసేవాడివి, లేకుండా చేసేవాడివి అని.

భగవానుడు కాదనలేదు. చూడండి, మనమైతే ఏం చేస్తాం? "అయ్యో, నేనలాంటివాణ్ణి కాదండీ" అంటాం, లేదా నాలాగా టీ కొట్టు దగ్గర గొంతు పెంచుతాం. ఆయన ఆ మాటను తీసుకుని చేతిలో తిప్పి చూశాడు. ఒక లెక్కన నన్ను ఉచ్ఛేదవాది అనడం సరైనదే బ్రాహ్మణా అన్నాడు. రాగం, ద్వేషం, మోహం, వీటి ఉచ్ఛేదాన్నే నేను బోధిస్తున్నాను. నువ్వనుకున్న అర్థంలో మాత్రం కాదు. ప్రతి తిట్టుకూ ఇదే వరస. తర్వాత సీహ సేనానితో మాట్లాడినప్పుడూ ఇదే మాట వస్తుంది.

దండం పెట్టలేదన్న కోపంతో వచ్చిన తిట్టు అది. పుట్టుకను బట్టి వచ్చే గౌరవం అందలేదన్న కోపం. అంటే ఉచ్ఛేదం అనే మాట బుద్ధుడి మీద పడిందే కులం దగ్గర. ఆయన దాన్ని మనుషుల మీదికి పోనివ్వకుండా మూడు వేళ్ల మీదికి మళ్లించాడు. అభిధమ్మం వీటినే అకుశల మూలాలు అంటుంది: లోభం, ద్వేషం, మోహం. మూలాలు! నిర్మూలన అనే మాట లోపల ఉన్న మూలం ఏమిటని ఎవరైనా అడిగితే ఇక ఈ మూడింటి పేర్లు చెప్పండి.

దీని నుంచి ఒక సంగతి తేలుతుంది. కులాన్ని నిర్మూలించడం అంటే కులం పాటించేవాణ్ణి నిర్మూలించడం కాదు. అలా చేయబోయిన క్షణంలో ద్వేషం అనే వేరుకు మనమే నీళ్లు పోసినట్టు. అలాగని నేరం చేసినవాణ్ణి కోర్టుకు లాగొద్దని ఎవరూ అర్థం చేసుకోవద్దు. కేసు పెట్టండి, సాక్ష్యం చెప్పండి, శిక్ష పడేదాకా తిరగండి. అది కూడా ధమ్మమే. మైత్రి పేరు చెప్పి రాజీ కాగితం మీద సంతకం పెట్టించేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లు చెప్పే మైత్రి ఎప్పుడూ దెబ్బ తిన్నవాడి జేబులోంచే ఖర్చవుతుంది.

మధ్యలో ఒక చిక్కు ప్రశ్న. 'నామరూపాల్లేకుండా చేశారు' అని మనం వాడుకగా అంటాం. నామరూప అనేది మన ధమ్మపు మాటే, పటిచ్చ సముప్పాదంలో నాలుగో అంగం. కులం నామరూపాల్లేకుండా పోవాలంటే పేరు కూడా పోవాలి కదా? కానీ మన సర్టిఫికెట్లలో కులం పేరు ఉంది. బౌద్ధం తీసుకున్నవాళ్లను షెడ్యూల్డ్ కులాల వాళ్లుగా గుర్తిస్తూ 1990లో ఉత్తర్వును సవరించారు. అంతవరకూ, అంటే 1956 నాగపూర్ దీక్ష తర్వాత ముప్పై నాలుగేళ్లు, ఆ గుర్తింపు లేదు. ఇప్పుడు ఆ హక్కు తీసుకోవాలంటే కులం పేరు రాయక తప్పదు. "కులం వద్దంటారు, సర్టిఫికెట్ మాత్రం కావాలంటారు" అని దెప్పేవాళ్లకు ఏం చెప్పాలి?

నా జవాబు ఇది. ఆసుపత్రి చీటీలో జబ్బు పేరు రాస్తారు. జబ్బు మీద ప్రేమ ఉండి రాయరు. తగ్గకముందే చీటీ చింపేస్తే మందు ఇవ్వరు, జబ్బు మాత్రం ఉంటుంది. కాగితం మీద పేరు ఉండటం వేరు, ఆ పేరు విన్నప్పుడు మనలో ఏదో ఒకటి లేచి కూర్చోవడం వేరు. మొదటిది ఒక ఉత్తర్వు, ఏదో ఒక రోజు రద్దవుతుంది. రెండోదాన్ని రద్దు చేసే ఆఫీసు ఎక్కడా లేదు. గంగ, యమున, అచిరవతి, సరభు, మహి నదులు సముద్రంలో కలిశాక పాత పేర్లు వదిలేసినట్టు సంఘంలో చేరినవాళ్లు పాత వర్ణాల పేర్లు వదిలేస్తారని భగవానుడు చెప్పాడు. హంసలదీవి దగ్గర నిలబడి చూస్తే కృష్ణ నీళ్లు ఎక్కడి దాకా కృష్ణో, ఎక్కడి నుంచి సముద్రమో గీత గీయలేం. మనం ఆ గీత గీయగలుగుతున్నామా లేదా? ఇదే నన్ను నిద్రపోనివ్వలేదని మొదట చెప్పానే, ఆ ప్రశ్న.

ఏప్రిల్ 14న మన పేటల్లో అందరం కలిసి భోజనం చేస్తాం. పైవాళ్లు కూడా కొందరు వస్తారు, ఫోటోలు దిగుతారు. విసుద్ధిమగ్గలో దీనికి సరిగ్గా సరిపోయే పోలిక ఒకటి ఉంది. నాచు పట్టిన నీళ్లలో కుండ ముంచితే కుండ ఉన్నంత మేర నాచు పక్కకు జరుగుతుంది. అణచిపెట్టడం అంటే ఇది అంటాడు బుద్ధఘోసుడు. కుండ తీయగానే నాచు మళ్లీ కమ్ముకుంటుంది. తెంచివేయడానికి ఆయన ఇచ్చిన పోలిక వేరు, పిడుగు పడ్డ చెట్టు. పండగ భోజనాలు వద్దని నేననను, కుండ ముంచితే కాసిని మంచినీళ్లయినా దొరుకుతాయి. కానీ దాన్నే నిర్మూలన అని కరపత్రంలో రాయకండి. నేనే ఎన్నోసార్లు రాశాను.

ఇప్పుడు నా సంగతి. రాయకుండా తప్పించుకుందామని రెండుసార్లు ఈ పేజీ చింపాను.

మూడేళ్ల కిందట మా అక్క కూతురికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఉద్యోగస్తుడు, మంచివాడు, తల్లిదండ్రులు దీక్ష తీసుకున్నవాళ్లు. వాళ్లింట్లో బుద్ధుడు, బాబాసాహెబ్ తప్ప వేరే పటం లేదు. మధ్యవర్తి ఇదంతా చెబుతుంటే మా అక్క ముఖం వెలిగిపోతోంది. చెప్పడం అయ్యాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "ఇంతకీ వాళ్లు ఎవరు? మనవాళ్లేనా?"

బౌద్ధులా అని అడగలేదు నేను. అది ఆయన ముందే చెప్పాడు. నేను అడిగింది మాలా, మాదిగా అని. ఆ మాట పలకలేదు. పలకక్కర్లేదు, 'మనవాళ్లేనా' అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. మధ్యవర్తి తల దించుకుని చెప్పాడు. "చూద్దాం, తొందరేముంది" అన్నాను నేను. మా ఆవిడ నావైపు ఒకసారి చూసి లోపలికెళ్లిపోయింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. మేం కాదనలేదు. అవుననీ అనలేదు. వాళ్లకు అర్థమై ఊరుకున్నారు. ఆ అబ్బాయికి ఇప్పుడు పెళ్లయి, పాప కూడా. పేట మీటింగుల్లో కనబడితే "జై భీమ్ అన్నా" అని రెండు చేతులూ జోడిస్తాడు. నాకు తిరిగి జై భీమ్ చెప్పడం ఎంత కష్టమో ఆయనకు తెలుసో లేదో.

(వర్గీకరణ రాజకీయం గురించి ఇక్కడ మాట్లాడటం లేదు. అది హక్కుల పంపకం సంగతి, దాని చర్చ దానికుంది. నేను రాస్తున్నది ఇంట్లో, అరుగు మీద, నా నోట్లో ఉన్నదాని గురించి.)

ఆ గడ్డ ఎక్కడ పడుకుని ఉందో ఆలోచించాను. శాస్త్రాలను నేను నమ్మను. మనుస్మృతిని 1927 డిసెంబరు 25న మహద్‌లో తగలబెట్టిన రోజును ఏటా జరుపుతాను. 22 ప్రతిజ్ఞలు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అంటే పై గడ్డి అంతా చెక్కేశాను. మిగిలింది ఏమిటంటే, నిచ్చెనలో నా కింద ఇంకో మెట్టు ఉందన్న చిన్న సుఖం. పైవాడు నన్ను తొక్కితే నొప్పి అంటాను, నా కింద మెట్టు ఉంటే దాన్ని ఆచారం అంటాను, పెద్దవాళ్లు ఏమనుకుంటారో అంటాను. బాబాసాహెబ్ అంచెలంచెల అసమానత అని చెప్పింది దీన్నే. ప్రతివాడికీ పోగొట్టుకోవడానికి ఒక మెట్టు ఇచ్చి కూర్చోబెట్టింది కులం. ఇది లోభమా, ద్వేషమా, మోహమా? మూడూ ఉన్నాయనుకుంటాను, తుంగ గడ్డల్లా ఒకదాన్నొకటి పట్టుకుని.

ఉపాలి కథ మీకు తెలుసు. కపిలవస్తులో మంగలి పని చేసేవాడు. శాక్య రాకుమారులు అనురుద్ధుడు, ఆనందుడు, భద్దియుడు, మరికొందరు ఆయనతో కలిసి భగవానుడి దగ్గరికి వచ్చి ఒక కోరిక కోరారు: ముందు ఉపాలికి దీక్ష ఇవ్వండి, ఆ తర్వాతే మాకు. ఎందుకంటే సంఘంలో ముందు చేరినవాళ్లకు తర్వాత చేరినవాళ్లు నమస్కరించాలి. తమ శాక్య గర్వం అణగాలని వాళ్లే అడిగారు. ఈ కథను మనం ఎప్పుడూ ఉపాలి వైపు నుంచే చెప్పుకుంటాం, మనం ఉపాలులం కాబట్టి. మాట్లాడినప్పుడల్లా నేనూ అలాగే చెప్పాను. ఆ సంబంధం పోయిన తర్వాత ఒకసారి చదువుతుంటే, ఈ విషయంలో నేను నిలబడి ఉన్నది రాకుమారుల వరసలో అని తెలిసింది. వాళ్లు అడగగలిగింది నేను అడగలేకపోయాను. పై మెట్టు మీద ఉన్నవాడే ముందు వంగాలి. కింద మెట్టు మీద ఉన్నవాణ్ణి 'ఓపిక పట్టు తమ్ముడూ, అందరం బౌద్ధులమే' అనడం చాలా తేలిక.

మా మేనకోడలు ఇంత కాలం దీని గురించి ఒక్క మాట అనలేదు. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మాత్రం, నేను ఒక్కణ్ణే అరుగు మీద కూర్చుని ఉంటే వచ్చి అడిగింది. "మావయ్యా, అప్పుడు ఆ సంబంధం వచ్చినప్పుడు నువ్వు వాళ్లను ఏం అడిగావు?" నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. నాకు గొంతు పెగల్లేదు. 'దాదాపు' అని కూడా అనలేకపోయాను.

పోయిన ఆదివారం ధమ్మ పఠనంలో పుస్తకం తెరవకముందే ఆ పదో తరగతి అమ్మాయిని పిలిచి, పోయినసారి నేను తప్పు చెప్పానమ్మా అన్నాను. రద్దు, నిర్మూలన, తుంగ గడ్డ, తాటి మొవ్వు, పైన రాసిందంతా చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, "మరి గడ్డ ఎక్కడుందో పైకి కనబడదు కదా బాబాయ్, ఎలా తెలుస్తుంది?" అంది. అప్పుడు ఆ సంబంధం సంగతి అందరి ముందూ చెప్పాను. మా అక్క అక్కడే ఉంది. ఆ అబ్బాయి తండ్రి కూడా వెనక వరసలో ఉన్నాడు. కునికేవాళ్లు లేచి కూర్చున్నారు. ఒక పెద్దాయన "ఎందుకయ్యా ఇవన్నీ బయటికి" అన్నాడు. ఇంకో అమ్మ "మేమూ అడిగాం, మా పెద్దోడి పెళ్లప్పుడు" అంది. తర్వాత ఇంకొకరు. ఆ రోజు పుస్తకం చదవడం సాగలేదు. ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది, అయినా ఎవరూ లేవలేదు. ఎక్కడ ఆపామో అక్కడ కాగితం పెట్టి ఉంచాం, వచ్చే ఆదివారం అక్కడి నుంచి చదవాలి.